తోట కుక్కకి ఇంట్లోనే చిరుతిళ్లు: మన పొలంలో పండినవన్నీ పెట్టొచ్చా?

మనం ఆవు గురించి, వానపాము గురించి, జీవామృతం గురించి ఎంతో మాట్లాడుకుంటాం. రాత్రంతా తోటకి కాపలా కాసే కుక్క గురించి మాత్రం పెద్దగా మాట్లాడుకోం. వేరుశనగ చేలో అడవి పందులు పడితే ముందు మొరిగేది అదే. టమాటా మీదకి కోతులు వస్తే ముందు పరిగెత్తేదీ అదే. దానికి మనం పెట్టేది ఏంటంటే, మధ్యాహ్నం మిగిలిన సంగటి, టీ తాగేటప్పుడు రెండు గ్లూకోజ్ బిస్కెట్లు.

మాది మదనపల్లె వైపు. రాగి, వేరుశనగ, టమాటా వేస్తాం. గట్ల మీద గుమ్మడి పాదులు, పది మామిడి చెట్లు, రెండు చింతచెట్లు ఉన్నాయి. తోటలో రెండు నాటు కుక్కలు, నల్లోడు, గౌరి. నాలుగేళ్లుగా వాటికి చిరుతిళ్లు ఇంట్లోనే చేస్తున్నాం. చేసేది మా ఆవిడ, కొలతలు రాసిపెట్టేది నేను. చేసే పద్ధతి వీడియోలో చూపించాం. వీడియోలో చెప్పడానికి టైం చాలని సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక ముఖ్యమైన మాట. ప్రకృతి వ్యవసాయం చేసే మనకి ఒక అలవాటు ఉంది. మందు కొట్టకుండా పండింది అంటే అది మంచిదే అనుకుంటాం. కుక్క దగ్గర ఈ లెక్క పనిచేయదు. ఉల్లిపాయ మందు లేకుండా పండించినా కుక్కకి విషమే. ద్రాక్ష కూడా అంతే. కాబట్టి చిరుతిండి చేయడం నేర్చుకునే ముందు, ఏది పెట్టకూడదో తెలుసుకోవాలి. చేయడం చాలా సులువు. ఎంచుకోవడంలోనే ఉంది అసలు విషయం.

పొలంలో పండినా కుక్కకి పెట్టకూడనివి

ఉల్లి, వెల్లుల్లి: వీటిలో ఉండే గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడతాయి. రక్తం తగ్గిపోయి చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం ఎర్రగా వస్తుంది, కుక్క లేవలేదు. ఇది తిన్న వెంటనే కనిపించదు, కొన్ని రోజులకి బయటపడుతుంది. అందుకే ఉల్లిపాయ వల్ల అని ఎవరికీ తట్టదు. కిలో బరువుకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి ఒక్కసారిగా తింటే ప్రమాదం అని పశువైద్యులు లెక్క చెప్తారు. అంటే 20 కిలోల కుక్కకి 300 గ్రాములు. అదే 5 కిలోల పిల్లకి 75 గ్రాములు, ఒక చిన్న ఉల్లిపాయ. రోజూ కొంచెం కొంచెం పెట్టినా నష్టమే. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు.

వెల్లుల్లి ఉల్లికన్నా ఘాటు, దాని విషమూ ఎక్కువే. "వెల్లుల్లి పెడితే గోమార్లు పట్టవు" అని చాలామంది చెప్తారు. అగ్నిఅస్త్రంలో వెల్లుల్లి వేస్తాం కదా, ఆ నమ్మకంతో కుక్కకీ పెడతారు. దయచేసి పెట్టకండి. చెట్టు మీద పిచికారీ చేయడం వేరు, కడుపులోకి పంపడం వేరు.

ద్రాక్ష, ఎండుద్రాక్ష: ఇవి కుక్క మూత్రపిండాలను పాడుచేస్తాయి. ఎన్ని తింటే ప్రమాదం అనే లెక్క దీనికి లేదు. కొన్ని కుక్కలు కొద్దిగా తిన్నా పడిపోతాయి. పండగ రోజు కేసరి, పాయసం మిగిలితే కుక్కకి వేస్తుంటాం. అందులో ఎండుద్రాక్ష ఉందేమో చూడండి.

చింతపండు: ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు. ద్రాక్షలో కుక్కకి కీడు చేసేది టార్టారిక్ ఆమ్లం అయి ఉండొచ్చని అమెరికాలోని పశు విషచికిత్స నిపుణులు 2021లో చెప్పారు. చింతపండు తిని కుక్కల మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలను కూడా 2022లో ప్రచురించారు. చింతపండు పులుపులో ఎక్కువ భాగం ఈ టార్టారిక్ ఆమ్లమే. మనం సంగటిలో ఏం కలిపి కుక్కకి పెడతాం? మిగిలిన పులుసు. అందులో చింతపండు, ఉల్లిపాయ, ఉప్పు, కారం మూడు నాలుగూ ఉంటాయి. "ఇన్నేళ్లుగా తింటోంది, ఏం కాలేదు కదా" అంటారు. పలచటి చారు నాలుగు చుక్కలు పడితే వెంటనే ఏమీ కాకపోవచ్చు. కానీ ఏడెనిమిదేళ్లకే కుక్క చిక్కిపోయి, నీళ్లు ఎక్కువ తాగుతూ, తిండి మానేసి పోతే "వయసైపోయింది" అనుకుంటాం. మూత్రపిండాలు పాడైనా లక్షణాలు అవే. సంగటిలో పులుసు బదులు ఉప్పు వేయని ఉడికించిన పప్పు, కొంచెం మజ్జిగ, ఉడికిన గుడ్డు కలపండి.

మామిడి టెంక, గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండె: వీటిలో విషం లేదు కానీ మింగితే పేగుకి అడ్డం పడతాయి. ఆపరేషన్ తప్ప దారి ఉండదు. మామిడి కోతల టైంలో టెంకలు ఎక్కడ పడితే అక్కడ పారేయొద్దని కూలీలకి ముందే చెప్పండి.

వీటికి తోడు కొట్టు నుంచి వచ్చేవి కొన్ని ఉన్నాయి. చాక్లెట్ వద్దు. చక్కెర లేని బిస్కెట్లు, చూయింగ్ గమ్ అసలే వద్దు. కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ వేస్తారు. అది కుక్క రక్తంలో చక్కెరని గంటలోపే పడగొట్టగలదు.

బూజు పట్టిన కాయ కుక్కకీ పనికిరాదు

దీని గురించి రైతులతో ప్రత్యేకంగా మాట్లాడాలి. వేరుశనగ ఒలిచేటప్పుడు నల్లబడినవి, ముడతలు పడినవి, బూజు పట్టినవి పక్కన పెడతాం. మొక్కజొన్న తడిస్తే రంగు మారిన గింజలు వేరు చేస్తాం. అమ్మడానికి పనికిరావు కాబట్టి కోళ్లకో కుక్కకో వేద్దాం అనుకుంటాం. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. కాయ ఊరే టైంలో బెట్ట తగిలినా, కోసిన కాయ సరిగ్గా ఆరకపోయినా ఇది పెరుగుతుంది. కుక్కల కాలేయం దీన్ని తట్టుకోలేదు. 2020 చివర్లో అమెరికాలో ఒక కంపెనీ కుక్కల దాణాలో అఫ్లాటాక్సిన్ హద్దు దాటి ఉందని తేలి, సరుకు వెనక్కి తీసుకున్నారు. అది తిని వందకి పైగా కుక్కలు చనిపోయినట్టు అక్కడి ఎఫ్‌డీఏకి సమాచారం అందింది. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. కాబట్టి మనం తినే గింజే కుక్కకీ పెట్టాలి. మనం తినలేనిది దానికీ వద్దు.

ఎంత పెట్టాలి?

రోజు మొత్తం తిండిలో చిరుతిళ్లు పదో వంతు దాటకూడదు. ఇది పశువైద్యులందరూ చెప్పే లెక్క. 20 కిలోల పెద్ద కుక్కకి రోజుకి సుమారు 1000 కేలరీలు కావాలి. పొలంలో బాగా తిరిగేదైతే ఇంకొంచెం ఎక్కువ. అందులో చిరుతిండి వాటా 100 కేలరీలు. ఒక చిన్న గ్లూకోజ్ బిస్కెట్ 20 కేలరీల పైన ఉంటుంది. ప్యాకెట్ వెనక చదవండి, చాలావాటిలో బరువులో పావు వంతు దాకా చక్కెరే. నాలుగు బిస్కెట్లకే రోజు వాటా అయిపోతుంది. కుక్కకి అందిందేమో మైదా, చక్కెర.

చక్కెర బదులు బెల్లం వేస్తామని కొందరు అంటారు. బెల్లం మనకి రుచి, జీవామృతానికి బలం. కుక్కకి మాత్రం అదీ చక్కెర లాంటిదే. తీపి లేకపోయినా కుక్క తింటుంది. దానికి కావాల్సింది వాసన. అందుకే మేము చేసే వాటిలో బెల్లం, ఉప్పు, నూనె ఏవీ వేయం.

రాగి గుమ్మడి బిళ్లలు

కావాల్సినవి: రాగిపిండి 200 గ్రాములు, ఉడికించి మెదిపిన గుమ్మడికాయ 100 గ్రాములు, ఒక కోడిగుడ్డు, వేయించి పొట్టు తీసిన వేరుశనగ పొడి 20 గ్రాములు.

రాగిపిండిని మందపాటి బాణలిలో సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి చల్లారనివ్వాలి. అందులో వేరుశనగ పొడి, గుమ్మడి గుజ్జు, గుడ్డు వేసి కలపాలి. రాగిపిండికి గోధుమపిండిలా సాగే గుణం ఉండదు. గుడ్డే దాన్ని పట్టి ఉంచుతుంది. పొడిగా అనిపిస్తే వేడినీళ్లు చెంచా చెంచాగా పోసుకోండి. రొట్టె పిండిలా గట్టిగా రావాలి. పావు అంగుళం మందంలో తట్టి, పది రూపాయల బిళ్లకన్నా కాస్త పెద్దగా కోసుకోవాలి. మాకు 60 దాకా వస్తాయి.

పొయ్యి దగ్గర తొందరపడొద్దు. ఇనుప పెనం మీద బాగా సన్నటి సెగ పెట్టి, మూత పెట్టి ఒక్కో వైపు పది నిమిషాలు కాల్చాలి. తర్వాత పలచటి గుడ్డ కప్పి ఒక రోజు గట్టి ఎండలో పెడితే కరకరలాడతాయి. విరిచి చూస్తే లోపల తడి ఉండకూడదు. గాలి చొరని డబ్బాలో పెడితే ఎండాకాలం పది రోజులు నిలవ ఉంటాయి. వానాకాలంలో నాలుగు రోజులకి మించి బయట ఉంచం. ఒక్క బిళ్లకి బూజు కనిపించినా డబ్బా మొత్తం కంపోస్ట్ గుంతలో పడేస్తాం, కుక్కలకి అందకుండా పైన మట్టి కప్పుతాం.

లెక్క వేస్తే మొత్తం పిండి సుమారు 850 కేలరీలు. అంటే బిళ్లకి 14. మా కుక్కలు ఒక్కోటీ 20 కిలోల చొప్పున ఉంటాయి, రోజుకి ఆరేసి ఇస్తాం. ఎనిమిది కిలోల కుక్కకి మూడు చాలు.

రాగుల్లో కాల్షియం ఎక్కువ, 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. అలాగని కుక్క ఎముకల బలానికి ఇవే చాలనుకోవద్దు. పెద్ద జాతి కుక్కపిల్లలకి కాల్షియం మితిమీరినా ఎముకలు సరిగ్గా ఎదగవు. చిరుతిండిని చిరుతిండిలాగే చూడండి.

చిలగడదుంప ఎండు ముక్కలు

బిళ్లలకన్నా ఇది ఇంకా సులువు. దుంపలు కడిగి, అర సెంటీమీటరు మందంలో కోసి, ఆవిరి మీద పది నిమిషాలు ఉడికించాలి. పచ్చివి అలాగే ఎండబెడితే కుక్కకి సరిగ్గా అరగవు. తడి ఆరాక దోమతెర కింద రెండు మూడు రోజులు ఎండబెట్టాలి. సోలార్ డ్రయ్యర్ ఉన్నవాళ్లకి ఈగల బాధ ఉండదు, రంగూ బాగా వస్తుంది. కిలో దుంపలకి 300 గ్రాముల పైన వస్తాయి. తోలులా సాగుతూ ఉంటాయి కాబట్టి కుక్క చాలాసేపు నములుతుంది. గబగబా మింగే అలవాటున్న కుక్కకైతే చిన్న ముక్కలుగా తుంచి ఇవ్వండి. మార్కెట్లో గ్రేడింగ్‌లో తీసేసే సన్న దుంపలు దీనికి చక్కగా సరిపోతాయి. తెగులు పట్టినవి, కుళ్లినవి మాత్రం వాడొద్దు.

కోడి కాలేయం ముక్కలు, పచ్చి మాంసంతో జాగ్రత్త

కుక్కకి పిలిస్తే వచ్చే అలవాటు నేర్పాలంటే దీన్ని మించింది లేదు. పాలు తాగే పిల్లి ఎదురుగా ఉన్నా వదిలేసి వస్తుంది. ఇది ఊరికే ముచ్చట కోసం కాదు. గట్టు మీద పాము కనిపించినప్పుడు కుక్క దాని మీదకి పోతుంది. ఆ టైంలో ఒక్క పిలుపుకి వెనక్కి వస్తే బతుకుతుంది. రోజూ పది నిమిషాలు, పిలవడం, వస్తే వెంటనే ఒక ముక్క ఇవ్వడం. రెండు మూడు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది.

పావుకిలో కోడి కాలేయం ఉప్పు లేకుండా ఇరవై నిమిషాలు బాగా ఉడికించి, శనగగింజంత ముక్కలు కోసి, పెనం మీద తడి పోయేదాకా వేయించాలి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటాయి. కాలేయంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ, అది ఒంట్లో పేరుకుపోతుంది. అందుకని నేర్పే రోజుల్లో కూడా చిటికెడంత ముక్కలే ఇవ్వండి, అలవాటయ్యాక వారానికి రెండు రోజులు చాలు, మిగతా రోజులు రాగి బిళ్ల ముక్క సరిపోతుంది.

మేక, గొర్రె కోసినప్పుడు పచ్చి కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకి వేయడం మన ఊళ్లలో మామూలు. అది మానాలి. వాటిలో నీటి బుడగల్లాంటి గడ్డలు ఉంటే అందులో ఎకినోకాకస్ అనే బద్దెపురుగు పిల్లలు ఉంటాయి. కుక్క తింటే దాని పేగులో పురుగులవుతాయి, గుడ్లు మలంలో బయటికి వస్తాయి. ఆ కుక్క మన ఆకుకూరల మడిలోనే తిరుగుతుంది. ఆ గుడ్లు మనిషి కడుపులోకి పోతే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో హైడాటిడ్ గడ్డలు వస్తాయి. మందుల్లేని ఆకుకూర అని మన మీద నమ్మకంతో కొనేవాళ్లకి మనం ఇవ్వాల్సింది ఇది కాదు. గడ్డలున్న భాగాలు కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టండి. బాగున్నవైనా అరగంట పైగా ఉడికించే పెట్టండి. పశువైద్యుడు చెప్పిన ప్రకారం కుక్కకి పురుగుల మందు వేయించండి. ఇంకో మాట, ఉడికించిన ఎముకలు వద్దు. అవి పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి.

ఎండాకాలంలో అయితే గింజలు తీసిన పుచ్చకాయ ముక్క, కీరదోస, క్యారెట్ ఇవ్వొచ్చు. నీళ్ల మజ్జిగ గిన్నెడు పోస్తే సంతోషంగా తాగుతుంది. కొన్ని కుక్కలకి పాలు పడవు, విరేచనాలు అవుతాయి. పెరుగు, మజ్జిగ చాలావాటికి పడతాయి. ఏది కొత్తగా పెట్టినా మొదటి రోజు ఒక ముక్కే పెట్టి చూడండి.

కొట్టులో కొనాల్సి వస్తే

అందరికీ చేసుకునే తీరిక ఉండదు. కొనేటప్పుడు బొమ్మ చూడకండి, వెనక అక్షరాలు చదవండి. ముందు రాసిన పదార్థమే అందులో ఎక్కువ ఉంటుంది. చక్కెర, సిరప్, రంగులు ముందు వరుసలో ఉంటే వదిలేయండి. ఏ మాంసమో పేరు రాసి ఉండాలి. తయారీ తేదీ, కేలరీలు కనిపించాలి. తోలుతో చేసిన గట్టి నములుడు ఎముకలు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది, ఒంటరిగా ఉన్న కుక్కకి ఇవ్వొద్దు. "సహజం" అని ముందు పెద్దగా రాసినా వెనక చదవడం మానొద్దు. ఈ సంగతి మనకి ఒకరు చెప్పాలా?

మన గోదాములోనే ఉన్న విషం

ఇది చిరుతిండి కాదు, కానీ కుక్క చిరుతిండి అనుకునే తింటుంది. ఆముదం పిండి. మొక్కలకి మంచి ఎరువు, చెదలు తగ్గుతాయని కూడా వేస్తాం. నూనె తీశాక రిసిన్ అనే విషం పిండిలోనే ఉండిపోతుంది. బాగా వేడి చేస్తే తప్ప పోదు, ఎరువుగా అమ్మే పిండిని అలా చేశారో లేదో మనకి తెలియదు. దాని వాసన కుక్కలకి ఇష్టం. ఎముకల పొడి కలిపితే ఇంకా ఇష్టం. రెండేళ్ల కిందట మా పక్క తోటలో జామ మొక్కలు నాటుతూ గుంతల్లో ఆముదం పిండి వేశారు. రాత్రి రెండు కుక్కలు గుంతలు తవ్వి తిన్నాయి. వాంతులు, రక్త విరేచనాలు. ఒకటి బతికింది, ఒకటి మూడో రోజు పోయింది. దీనికి విరుగుడు మందు లేదు. సెలైన్ పెట్టి కాపాడుకోవడమే.

కుక్కలున్న తోటలో దీనికి బదులు వేప పిండి, ఘనజీవామృతం వాడుకోవడం మేలు. వాడక తప్పదంటే బస్తా మూతి కట్టి తలుపున్న గదిలో పెట్టండి. పైపైన చల్లకుండా లోతుగా మట్టిలో కలపండి, ఆ వారం కుక్కల్ని కట్టేసి ఉంచండి.

తినకూడనిది తినేస్తే

ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది, కుక్క బరువు ఎంత. ఈ నాలుగూ చూసుకుని వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. తిన్న గంట రెండు గంటల్లోపు చేరిస్తే వాంతి చేయించి చాలావరకు కాపాడతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య సేవల నంబరు 1962. ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. ఉప్పు ఎక్కువైతే అదే ప్రాణం తీస్తుంది. నూనె, పాలు, నెయ్యి పోయడమూ వద్దు. లక్షణాలు కనిపించాక చూద్దాం అని ఆగొద్దు. ఉల్లి, ద్రాక్ష, ఆముదం పిండి, మూడూ ఆలస్యంగానే బయటపడతాయి.

ఖర్చు విషయానికొస్తే, రాగులు, గుమ్మడి, వేరుశనగ, గుడ్డు అన్నీ మన దగ్గరివే. ఒక్కో విడతకి ఒక పూట పని. ఈ వారం కనీసం ఒక్క పని చేయండి. కుక్కకి పెట్టే సంగటి ముద్దని పులుసు పోయకముందే పక్కకి తీసిపెట్టండి. బిళ్లలు తర్వాత చేసుకోవచ్చు.